సంక్రాంతి నెలలో ఏది ఇంట్లో చేయాలి, ఏది కొనాలి: పిండివంటలు, కానుకలపై ఎంపిక సలహా

ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు 16 ప్రాంతం నుంచి కనుమ వెళ్లేదాకా ఉండే నెల రోజులు చాలా తెలుగు కుటుంబాలకు చేతిలో డబ్బు నిలవని కాలం. క్రిస్మస్ జరుపుకునే ఇళ్లలో పిండివంటలు డిసెంబరు మూడో వారానికే మొదలవుతాయి. ఆ తర్వాత ఊరి ప్రయాణాలు, ఆడపిల్లలకు పంపే సారె, పేరంటాల్లో ఇచ్చే వాయనాలు, పక్కింటికీ ఎదురింటికీ పంపే పళ్లేలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే వారికి ప్రతివారూ చెప్పేది ఒక్కటే: అన్నీ ఇంట్లోనే చేసుకోండి. ఈ సలహా కొన్ని వంటలకు పూర్తిగా నిజం, కొన్నింటికి కాదు. సున్నుండలు, పొడులు, చింతకాయ తొక్కు వంటివి ఇంట్లో చేస్తే డబ్బు మిగలడమే కాదు, బజారులో దొరకని నాణ్యత కూడా దక్కుతుంది. మరికొన్నింటిలో మాత్రం నూనె, గ్యాసు, ఇంటి ఇల్లాలి రెండు రోజుల నడుము నొప్పి లెక్కలోకి తీసుకుంటే మిగిలేది చాలా స్వల్పం.

అందుకే ఈ వ్యాసంలో నేను ముందుగా పెట్టే ప్రశ్న ధర గురించి కాదు. పని చేయడానికి ఇంట్లో ఎన్ని చేతులు ఉన్నాయన్నది మొదటి ప్రశ్న. పిండి జల్లించేవారు, పాకం చూసేవారు, ఒత్తేవారు, వేయించేవారు వేర్వేరుగా ఉన్న ఇంట్లో కిలోల కొద్దీ అరిసెలు మధ్యాహ్నానికి పూర్తవుతాయి. ఆ నాలుగు పనులూ ఒక్కరి మీదే పడే ఇంట్లో అవే అరిసెలు ఆ మనిషి పండుగను మొత్తంగా మింగేస్తాయి. ఉద్యోగం చేసి వచ్చి రాత్రి పదకొండు దాకా పొయ్యి దగ్గర నిలబడే స్త్రీ శ్రమకు విలువ కట్టకుండా ‘ఇంట్లో చేస్తే చౌక’ అని చెప్పడం పొదుపు కాదని నేను గట్టిగా నమ్ముతాను. చేతుల లెక్క తేలాక నూనె ఎంత పోతుంది, వంట ఎన్నాళ్లు నిలుస్తుంది, అందుకునేవారు నిజంగా తింటారా లేదా వాడుకుంటారా అన్నవి చూసుకుంటే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

తీపి: అరిసెలా, సున్నుండలా, నువ్వుల ఉండలా?

సంక్రాంతి అనగానే అరిసె గుర్తుకొస్తుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. సరుకుల ఖర్చు చూస్తే అరిసె నిజంగా చవకైన వంట: బియ్యం, బెల్లం, నువ్వులు, నూనె, కాస్త నెయ్యి. సన్నబియ్యం అక్కర్లేదు, దొడ్డు బియ్యమే అరిసెకు బాగుంటుందని పెద్దవాళ్లు అంటారు, రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చే చోట దాన్ని శుభ్రంగా ఏరి దీనికే దాచుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కిలో బియ్యానికి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా బెల్లం పడుతుంది. చెరకు గానుగ ఆడే కాలం ఇదే కాబట్టి కొత్త బెల్లం దొరుకుతుంది. అనకాపల్లి మార్కెట్ దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి, అక్కడి సరుకు ఈ నెలల్లోనే రెండు రాష్ట్రాలకూ ఎక్కువగా వస్తుంది. కొనేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి. ఉప్పదనం తగిలే బెల్లంతో అరిసె ఎంత శ్రద్ధగా చేసినా రుచి రాదు.

అయితే అరిసె అడిగే నైపుణ్యం ఎక్కువ. బియ్యాన్ని కనీసం ఒక రాత్రి, వీలైతే పూర్తిగా ఒక రోజు మధ్యలో నీళ్లు మారుస్తూ నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే మర పట్టించి, జల్లించి, ఆ పిండి తడి పోకుండా నొక్కి మూత పెట్టి, అదే రోజు పాకంలో పోయాలి. పాకాన్ని చల్లటి నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. అది లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే మరునాటికి పళ్లకు పని చెబుతుంది. అందుకే చలిమిడి కలిపాక ముందుగా ఒక్క అరిసె మాత్రమే వేయించి చూడడం అనుభవమున్నవారు కూడా మానరు: విడిపోతే కొంచెం పిండి కలుపుతారు, గట్టిగా ఉంటే కాస్త నెయ్యి చేర్చి మర్దిస్తారు. వేయించిన ప్రతి అరిసెనూ అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి కాబట్టి పొయ్యి దగ్గర కనీసం ఇద్దరుండాలి. పాకం తెలిసిన పెద్దవారు ఇంట్లో ఉండి, తోడు ఇంకో ఇద్దరు దొరికితే అరిసెలు తప్పకుండా ఇంట్లోనే చేయండి. గాలి తగలని డబ్బాలో అవి పదిహేను, ఇరవై రోజులు నిలుస్తాయి. పాకం తెలిసినవారు లేకపోతే మొదటి ఏడాది అరకిలో బియ్యంతో నేర్చుకుని, పంచడానికి మాత్రం వేరే తీపి ఎంచుకోవడం మేలు.

ఆ వేరే తీపి నా దృష్టిలో సున్నుండ. పొదుపు, పోషణ, నిలవ, పంపకం అన్నీ కలిపి చూస్తే చలికాలపు కానుకగా దీనికి సాటి వచ్చేది కనిపించదు. పొట్టు మినప్పప్పును సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా ఓపికగా వేయించి, పిండి చేసి, బెల్లం తురుము కలిపి, కరిగించిన నెయ్యితో ఉండ చుట్టడమే పని మొత్తం. బాండీలో నూనె పోయనవసరం లేదు, పాకం లేదు, పిల్లలు కూడా ఉండలు చుట్టగలరు. కిలో మినప్పప్పుకు 800 గ్రాముల బెల్లం, 300 గ్రాముల నెయ్యి వేసుకుంటే రెండు కిలోలకు పైగా వస్తుంది. 40 గ్రాముల ఉండ చొప్పున యాభైకి కొంచెం అటూ ఇటూ లెక్క. ఖర్చులో అసలు భాగం నెయ్యిదే, కాబట్టి బజారు సున్నుండ మరీ చవకగా కనిపిస్తే అందులో నెయ్యికి బదులు ఏం వేశారో అడిగి తెలుసుకోవాలి. ఇంటి సున్నుండలు చలికాలంలో నెల రోజుల దాకా బాగుంటాయి, బస్సు ప్రయాణంలో విరగవు, బాలింతల ఇంటికీ ఎదిగే పిల్లలున్న ఇంటికీ సంతోషంగా పంపవచ్చు.

నువ్వుల ఉండలు ఇంకా చవక, ఇంకా తొందర. సంక్రాంతికి నువ్వులు తినాలన్న ఆచారం ఎలాగూ ఉంది. నువ్వులు చిటపటలాడేదాకా వేయించి బెల్లంతో కలిపి దంచితే మెత్తని చిమ్మిలి వస్తుంది. పాకం పట్టి చుడితే గట్టి ఉండ వస్తుంది. పెద్దవారికి ఇచ్చేటప్పుడు చిమ్మిలి మంచిది, ఎందుకంటే దాన్ని నమలడం సులువు. చక్కెర వ్యాధి ఉన్నవారికి బెల్లం తీపి ‘ఆరోగ్యకరం’ అని నచ్చజెప్పి ఇవ్వకూడదు. రక్తంలో చక్కెరను పెంచే విషయంలో బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు. వారికి ఇచ్చే కానుక కింద చెప్పబోయే పొడుల్లో దొరుకుతుంది.

బొబ్బట్లు, పూర్ణాలు పండుగ పూట వేడిగా తినడానికే చేసుకోవాలి. పూర్ణం రెండో రోజుకే పులుపెక్కడం మొదలుపెడుతుంది కాబట్టి దూరం పంపే కానుకల జాబితాలో వాటిని చేర్చవద్దు. ఇక పూతరేకుల విషయంలో ఆలోచించే పనే లేదు, కొనుక్కోవాలి. బోర్లించిన ప్రత్యేకమైన కుండను వేడి చేసి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క ఊపున లాగి రేకు తీయడం ఏళ్ల సాధన మీద వచ్చే పని. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు ఆ ఊరి ఆడవాళ్ల చేతి పనితనం మీదే నిలబడ్డాయి. ఏడాదికి ఒక పెట్టె కొంటే ఆ పనితనానికి మనం ఇచ్చే కూలి సార్థకమే. కావాలంటే ఉత్త రేకులు మాత్రమే తెప్పించుకుని, నెయ్యి, బెల్లం పొడి లేదా జీడిపప్పు ఇంట్లో చేర్చి చుట్టుకోవచ్చు. డబ్బు కొంత మిగులుతుంది, నెయ్యి ఎంత వేయాలన్నది మన చేతిలో ఉంటుంది.

కారం: సకినాలు, జంతికలు, చెక్కలు

కారపు వంటల్లో పోలిక ప్రధానంగా నైపుణ్యానిదే. తెలంగాణ ఇళ్లలో సకినాలు లేని సంక్రాంతి ఉండదు. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు తప్ప అందులో ఇంకేమీ పడవు కాబట్టి సరుకుల ఖర్చు చాలా తక్కువ. తడి గుడ్డ మీద వేళ్లతో పిండిని మెలి తిప్పుతూ మూడు, నాలుగు చుట్లు చుట్టడం మాత్రం చూసినంత సులువు కాదు. కొత్తవారు గంటసేపు కూర్చున్నా ఒక పళ్లెం నిండదు. చుట్లు ఒకదానికొకటి అంటుకోకపోతే వేయించేటప్పుడు విరిగిపోతాయి. అందుకే పల్లెల్లో వాడకట్టు ఆడవాళ్లంతా ఈ రోజు ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో కూర్చుని సకినాలు చుట్టే పద్ధతి ఏర్పడింది. ఆ పద్ధతి దొరికే చోట సకినాలను మించిన పొదుపు వంట లేదు. అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉన్నవారు పట్టుదలకు పోకుండా, సకినాలు చుట్టి ఇచ్చే వారి దగ్గర కావలసినన్ని కొనుక్కుని, తాము జంతికలు చేసుకోవడం మంచిది.

జంతికలకు గొట్టం ఉంటే చాలు, మొదటిసారి చేసేవారికి కూడా వస్తాయి. నాలుగు పాళ్లు బియ్యప్పిండికి ఒక పాలు వేయించిన మినప్పిండి లేదా పుట్నాల పిండి, వాము లేదా జీలకర్ర, కాగిన నూనె రెండు గరిటెలు చాలు. గుల్లగా రావాలని వెన్న ఎక్కువ వేస్తే రుచిగా ఉంటాయి, కానీ ఎక్కువ నూనె పీలుస్తాయి, త్వరగా కమటు వాసన పడతాయి. పప్పు చెక్కలు వీటి కంటే కొంచెం నిదానంగా సాగే పని; నానిన శనగపప్పు లేదా పెసరపప్పు సరిగా వేగకపోతే ఆ తడికి నాలుగో రోజే మెత్తబడతాయి. హాస్టలులో ఉన్న పిల్లలకు పంపాలంటే నేను చెక్కలకే ఓటు వేస్తాను, ఎందుకంటే జంతికలు డబ్బాలో కుదుపుకు నుగ్గయి చేరతాయి, చెక్కలు చాలావరకు నిలుస్తాయి.

నూనె గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇంటి పిండివంటల్లో కనిపించని ఖర్చు అదే. బాండీలో పోసిన నూనెను ముందూ వెనుకా తూకం వేసి చూడండి. ఏ వంట ఎంత పీల్చిందో మీ ఇంటి లెక్కే మీకు చెబుతుంది. మిగిలిన నూనెను నెలంతా మళ్లీ మళ్లీ కాచి వాడడం ఆరోగ్యానికి చేటు. నూనెను పదే పదే కాచినకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలను పోలార్ పదార్థాలంటారు; హోటళ్లలో వాడే నూనెలో అవి 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి పరిమితి విధించింది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం మనకు ఉండదు కాబట్టి రంగు ముదిరిన, నురుగు కట్టే నూనెను వదిలేయడమే మన దగ్గరున్న పరీక్ష. నష్టం తగ్గాలంటే వేయించే పనులన్నీ ఒకే రోజుకు చేర్చి, ముందు జంతికలు, తర్వాత చెక్కలు, చివరికి అరిసెలు వేయించాలి. బెల్లం పడ్డాక నూనె నల్లబడుతుంది కాబట్టి ఈ వరుస తిరగేయకూడదు.

ఒంటరిగా, కలిసి, లేక వండించుకుని?

ఇంట్లో చేయడం, కొనడం అన్న రెండింటి మధ్య ఇంకో రెండు దారులు ఉన్నాయి. మొదటిది మూడు, నాలుగు కుటుంబాలు కలిసి వండుకోవడం. ఒకే బాండీ, ఒకే నూనె, ఒకే రోజు మర ఖర్చు పంచుకోవచ్చు. ఒకరికి పాకం వస్తుంది, ఒకరికి చుట్టడం వస్తుంది. సాయంత్రానికి నాలుగు ఇళ్లకూ నాలుగు రకాలు చేరతాయి. ఇందులో తకరారు ఎప్పుడూ పంపకం దగ్గరే వస్తుంది కాబట్టి ఎవరి బియ్యం ఎంత, ఎవరి నెయ్యి ఎంత అన్నది ముందే కాగితం మీద రాసుకోవడం మర్యాద తక్కువేమీ కాదు. రెండో దారి సరుకులు మనమిచ్చి, వంట మనిషిని ఇంటికి పిలిపించి చేయించుకోవడం. కూతురి తొలి సంక్రాంతికి పెద్ద సారె పంపాల్సిన ఇంటికి ఇది అన్నిటికంటే తగినది. నాణ్యత మన అదుపులో ఉంటుంది, శ్రమకు న్యాయమైన కూలి అందుతుంది.

దుకాణంలో కొనాల్సి వస్తే పొట్లం మీద తయారైన తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. పండుగకు ముందు వారం తయారైనవి కొనండి, నెల ముందరివి వద్దు. మీ వీధిలో పిండివంటలు చేసి అమ్మే ఆడవాళ్లు ఉంటే పెద్ద దుకాణం కంటే వారికే ఆర్డరివ్వాలన్నది నా మాట. ఏ నూనెతో చేస్తారో నేరుగా అడగవచ్చు, ఉప్పు, కారం తగ్గించమని చెప్పవచ్చు, డబ్బు వీధిలోనే ఉంటుంది.

పచ్చళ్లు, పొడులు: అసలైన పొదుపు ఇక్కడుంది

పిండివంటల మీద పెట్టే దృష్టిలో సగం పచ్చళ్లు, పొడుల మీద పెడితే కానుకల ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. పండుగ వారంలో ప్రతి ఇంటికీ అన్ని వైపుల నుంచీ అరిసెలు, జంతికలు వచ్చి పడతాయి. నాలుగో డబ్బా మూత ఫిబ్రవరిలో తెరిచేసరికి కమటు వాసన వస్తుంది. అదే వారంలో వచ్చిన చింతకాయ తొక్కు సీసా మాత్రం వచ్చే వర్షాకాలం దాకా అన్నంలోకి ఆసరాగా ఉంటుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో పులుపెక్కి, ఇంకా పండని చింతకాయలు దొరుకుతాయి. చెట్టున్న ఊరివారికి అవి ఉచితం, పట్టణంలో కూడా ఖరీదు తక్కువే. కడిగి నీడన తడి ఆర్చిన కాయలను కిలోకు పావు కిలో దాకా రాళ్ల ఉప్పు, కొంచెం పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీలో పెట్టాలి. మూడో రోజు తీసి ఈనెలు, గింజలు ఏరేసి మళ్లీ మెత్తగా దంచి జాడీకెత్తాలి. నూనె చుక్క కూడా అక్కర్లేదు, ఏడాది నిలుస్తుంది. కావలసినప్పుడు కాస్త తీసి, పండు మిరపకాయలో ఎండుమిరపకాయలో చేర్చి నూరి, ఇంగువ పోపు పెట్టుకుంటారు. పులుపు లోహాన్ని తింటుంది కాబట్టి జాడీ లేదా గాజు సీసా తప్ప ఇంకేదీ వాడకూడదు. కానుకగా ఇచ్చేటప్పుడు ఉత్త తొక్కునే ఇవ్వండి. కారం, పోపు వారి ఇష్టానికి వదిలేయండి.

ఉసిరికాయ పచ్చడి ఖర్చు ఎక్కువ, ఎందుకంటే దానికి నువ్వులనూనె ధారాళంగా పడుతుంది. దగ్గరివారికి ఇవ్వండి, పదిమందికి పంచే వస్తువు కాదది. జనవరి చివరి నుంచి దొరికే పండు మిరపకాయల పచ్చడి రుచిలో అన్నిటికీ పై మెట్టు మీద ఉంటుంది. అయితే పండుగకు అందదు, ఆ తర్వాత ఊరికి వచ్చే చుట్టాలకు ఇవ్వడానికి బాగుంటుంది. రక్తపోటు ఉన్నవారింటికి ఏ పచ్చడీ పెద్ద సీసాలో ఇవ్వకండి, వారికి ఉప్పు తగ్గించి చేసిన పొడే సరైనది.

పొడుల్లో కందిపొడి అందరికీ నచ్చుతుంది, తడి తగలకుండా ఉంటే రెండు నెలలు నిలుస్తుంది. కరివేపాకు పొడికి ఆకు పెరట్లోదైతే మిరపకాయలు, ధనియాలు, చింతపండు తప్ప ఖర్చే లేదు. నువ్వుల పొడి, అవిసెగింజల పొడి చలికాలానికి అమోఘంగా ఉంటాయి గానీ గింజల్లోని నూనె బయటికొచ్చి మూడు, నాలుగు వారాల్లో వాసన మారుతుంది. చిన్న సీసాల్లో ఇచ్చి, ఎప్పటిలోగా వాడాలో చీటీ అంటించాలి. ఖాళీ అయిన గాజు సీసాలను ఏడాది పొడవునా దాచి, వేడి నీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆర్చుకుంటే ప్యాకింగు ఖర్చు కూడా ఉండదు. మూడు రకాల పొడులు మూడు చిన్న సీసాల్లో పెట్టి ఇచ్చిన కానుకను కొత్తగా కాపురం పెట్టిన జంట ఎంత ఇష్టంగా తీసుకుంటుందో చూసినవారికి, ఆ ఇంటికి ఇంకో గోడ గడియారం కొనాలనిపించదు.

గుడ్డతో చేసేవి, పేరంటానికి ఇచ్చేవి

పాత నూలు చీరలతో కుట్టే బొంత చలికాలపు కానుకల్లో ఆప్యాయతకు పెట్టింది పేరు, కానీ దాన్ని కూడా లెక్క చూసుకునే చేపట్టాలి. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి కప్పుకునే నిడివి వస్తుంది. రెండు చీరలు ఒకదానిపై ఒకటి పరిస్తే ఆరు పొరలు. దారం తప్ప ఖర్చు లేదు, కానీ దగ్గర దగ్గరగా చేతి కుట్టు వేయడానికి చాలా సాయంత్రాలు పడుతుంది, కార్తీకంలో మొదలుపెట్టకపోతే సంక్రాంతికి పూర్తికాదు. ఆదిలాబాద్, అరకు వైపు గట్టి చలిలో పెద్దవారికి ఉన్ని రగ్గు కొనివ్వడమే సబబు. పసిపిల్లలకు మాత్రం ఏ రగ్గూ ఇవ్వలేని మెత్తదనం ఏళ్ల తరబడి ఉతికిన నూలుచీరలో ఉంటుంది, పైగా చిన్న బొంత వారంలో కుట్టేయవచ్చు. కుట్టే తీరిక లేనివారు వీధుల్లో ‘బొంతలు కుడతాం’ అంటూ తిరిగే వారికి చీరలిచ్చి కుట్టించుకోవచ్చు. కొన్న రగ్గు కంటే తక్కువకే వస్తుంది, ఇంటి చీర ఇంట్లోనే ఉంటుంది.

పేరంటాల విషయంలో పొదుపుకు అవకాశం చాలా ఉంది. తెలంగాణలో సంక్రాంతి నోములకు పదమూడు వస్తువులు పదమూడు మంది ముత్తయిదువలకు ఇచ్చే ఆనవాయితీ ఉంది కాబట్టి ఒక్కో వస్తువు ధరలో చిన్న తేడా కూడా పదమూడింతలవుతుంది. ఆ భారం తగ్గించుకోవడానికి చాలామంది పలుచని ప్లాస్టిక్ డబ్బాలు, గిన్నెలు కొంటారు. అవి తీసుకున్నవారింట్లో అటక ఎక్కుతాయి. ఆంధ్ర ప్రాంతపు పేరంటాల్లో ఇచ్చే జాకెట్టు ముక్కలదీ ఇంచుమించు అదే కథ, ఒకరిచ్చింది ఇంకొకరికి చేరుతూ కుట్టించుకునేవారు లేకుండానే తిరుగుతుంటాయి. వీటికి బదులు చేతితో చేసిన పత్తి వత్తుల పొట్లం, పసుపు కొమ్ములు, పాత చీర అంచుతో కుట్టిన చిన్న సంచి, అందులో రెండు నువ్వుల ఉండలు పెట్టి ఇస్తే ప్రతి ఒక్కటీ వాడకానికొస్తుంది. పెరటి బీర, సొర పాదుల నుంచి దాచిన విత్తనాలు కూడా మంచి వాయనమే, వేసవి పాదులకు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే గింజ పెడతారు. అయితే హైబ్రిడ్ పాదు నుంచి తీసిన గింజ అదే కాయ కాయదు కాబట్టి నాటు రకం అయితేనే పంచండి. అత్తగారింటి నియమం ప్రకారం లోహపు వస్తువే ఇవ్వాలన్న పట్టింపు ఉంటే, పదమూడు చిన్న స్టీలు స్పూన్లు కొనడం పదమూడు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు కొనడం కంటే నయం.

పండుగ రోజులు కాని రోజుల్లో

నెలంతా పండుగ వంట తినలేము, తినకూడదు కూడా. మిగతా రోజుల్లో ఇంటి వంట బయటి తిండి కంటే చవక అన్నదాంట్లో సందేహం లేదు గానీ, ఏ ఇంటి వంట అన్నది చూసుకోవాలి. ఈ కాలంలో చవకగా దొరికే చిక్కుడు, గుమ్మడి, కంద, చిలగడదుంప, పచ్చి కందికాయలు వదిలేసి, ఏడాది పొడవునా కొనే కూరలే కొనడం వల్ల ఇంటి వంట ఖరీదవుతుంది. రాయలసీమలో అనపకాయల పితికిపప్పు, నువ్వులద్దిన సజ్జ రొట్టె ఈ నెలకే ప్రత్యేకం. ఉలవలు ఒక కిలో కొంటే రెండు వంటలు: రాత్రంతా నానబెట్టి బాగా ఉడికించి వార్చిన చిక్కటి నీళ్లతో ఉలవచారు, మిగిలిన గింజలతో గుగ్గిళ్లు. ఉలవచారు మరునాటికి ఇంకా రుచిగా మారుతుంది కాబట్టి ఒకసారి గ్యాసు ఖర్చుతో రెండు పూటలు గడుస్తాయి. పిల్లలు రొట్టె తినరని వాపోయే తల్లిదండ్రులు జొన్న రొట్టెను పళ్లెంలో చల్లారనివ్వకుండా పెనం మీద నుంచి నేరుగా వెన్నతో పెట్టి చూడండి.

ఎవరికి ఏది, ఎప్పటికి

ఇద్దరూ ఉద్యోగం చేసే చిన్న కుటుంబమైతే సున్నుండలు, కందిపొడి ఇంట్లో చేసి, సకినాలు లేదా అరిసెలు వండి అమ్మేవారి దగ్గర తీసుకోండి. ఒక ఆదివారం చాలు. పెద్దవాళ్లు, పెళ్లి కాని పిల్లలు ఉన్న నిండు ఇంట్లో అరిసెలు, జంతికలు ఒకే రోజు చేసి, పంచేవాటి పరిమాణం తగ్గించి, అన్ని ఇళ్లకూ అయిదు రకాల బదులు రెండు రకాలు పంపండి. ఒంటరిగా ఉండే పెద్దవారు చుట్టాలకు ఏదో పంపాలన్న తాపత్రయంతో నూనె బాండీ పెట్టకూడదు. వత్తులు, చింతకాయ తొక్కు, చిమ్మిలి వంటివి నిదానంగా కూర్చుని చేసుకోగలిగినవి, వారి చేతి గుర్తు వాటిలోనే ఉంటుంది.

విదేశంలో ఉన్న పిల్లలకు పంపేటప్పుడు పొడులు, సున్నుండలు, చెక్కలు అనుకూలం. పచ్చడి సీసాను చేతి సంచిలో పెట్టకుండా రెండు పొరల కవరులో గట్టిగా చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టాలి. నెయ్యి, పాలు కలిసిన తీపి విషయంలో వెళ్లే దేశపు నియమం ముందే చూసుకోవాలి. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో తెచ్చిన ఆహారాన్ని దిగిన వెంటనే ఫారంలో ప్రకటించడం తప్పనిసరి. రాష్ట్రం లోపల పంపేవారికి ఆర్టీసీ కార్గో సదుపాయంగా ఉంటుంది. అయితే పండుగ వారంలో రద్దీ ఎక్కువ కాబట్టి జనవరి 8, 9 తేదీలకు ముందే పార్శిలు ఇవ్వండి. అరిసెల మధ్య కాగితం పరవండి, డబ్బా అడుగున ఖాళీ లేకుండా సర్దండి.

పనులకు వరుస ఇలా పెట్టుకుంటే తొందర ఉండదు: చింతకాయ తొక్కు డిసెంబరులోనే, పొడులు డిసెంబరు చివరి వారంలో, సున్నుండలు జనవరి మొదటి ఆదివారం, వేయించే వంటలు ఆ తర్వాతి రోజుల్లో. తడిపిండి పట్టే మరల దగ్గర భోగికి ముందు మూడు రోజులూ బారులు తీరి ఉంటారు, మర కడగకుండానే ఒకరి పిండి వెనుక ఇంకొకరి పిండి పడుతుంది. కాబట్టి ఈ పనిని భోగికి వారం ముందే పెట్టుకుని, ముందురోజు బియ్యం నానబెట్టి, పొద్దున్నే మర తెరిచే వేళకు వెళ్లండి.